మళ్ళీ కుంగిపోకముందే పసిగట్టడం ఎలా? తోడు మనిషితో కలిసి రాసుకునే నాలుగు పేజీలు

"ఆస్పత్రి నుంచి వచ్చేశాను, మందులు వేసుకుంటున్నాను, కాస్త తేరుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, చివరికి ఒకచోట రాసి పెడదామనుకున్నాను. నేను డాక్టర్ని కాను. డిప్రెషన్‌తో రెండుసార్లు పడి లేచినవాణ్ణి, ఆ తర్వాత కొన్నేళ్ళుగా ఇంకొందరికి తోడు కూర్చుంటున్నవాణ్ణి.

డాక్టరు దగ్గర కూర్చునేది నెలకో, రెండు నెలలకో పావుగంట. మిగిలిన రోజులన్నీ మనమే నడుపుకోవాలి. అందుకు నాలుగు పేజీలు, ఒక మనిషి కావాలి. రెండిట్లో ఏది లేకపోయినా పని కుంటుతుంది. ఎందుకంటే జబ్బు తిరగబెట్టేటప్పుడు దాన్ని కనిపెట్టాల్సిన బుర్రే ముందు దెబ్బతింటుంది. రెండోసారి పడిపోయే ముందు మూడు వారాలపాటు, అడిగినవాళ్ళందరికీ "ఏం లేదు, పని ఎక్కువైంది" అని చెప్పాను. అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా నమ్మాను. అందుకే బాగున్న రోజున రాసుకోవాలి, రాసింది ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి.

ముందే ఒక హెచ్చరిక. ఇది చదువుతున్న ఈ గంటలోనే చచ్చిపోవాలని బలంగా అనిపిస్తుంటే ఇక్కడితో ఆపెయ్యండి. దగ్గర్లో ఉన్న మనిషిని పిలిచి పక్కన కూర్చోమనండి. అత్యవసర నంబరుకు ఫోన్ చెయ్యండి, లేదా ఇంకొకరి తోడుతో ఆస్పత్రికి వెళ్ళండి. పేజీలు తర్వాతైనా రాసుకోవచ్చు.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం, పెన్సిలు. పెన్సిలే ఎందుకో చివర్లో తెలుస్తుంది.
- కాస్త తేటగా ఉన్న మూడు పూటలు. ఒక్కో పూటకి 40 నిమిషాలు మించకుండా.
- మీరు వాడే మందుల పేర్లు, మోతాదులు, వేళలు.
- డాక్టరు, ఆస్పత్రి, ఇంట్లో ఒకరు, ఇంటి బయట ఒకరు: నాలుగు ఫోన్ నంబర్లు.
- ఇలాంటిదే దాటొచ్చిన ఒక తోడు మనిషి.

యాప్ అక్కర్లేదు. ఉన్నా తప్పు లేదు కానీ, గడ్డు రోజున ఫోన్ ముట్టుకోబుద్ధి కానివాళ్ళు చాలామంది ఉంటారు. కాగితం గోడ మీద ఉంటుంది.

1. తోడు మనిషిని వెతుక్కోండి

పీర్ సపోర్ట్ అనేది దీన్నే. ఆ బాధ పడి వచ్చినవాళ్ళు, పడుతున్నవాళ్ళ పక్కన కూర్చోవడం. కొత్త ఊహేం కాదు. 1790ల్లోనే పారిస్‌లోని బిసెత్ర్ ఆస్పత్రిలో, కోలుకున్న రోగులను మిగతావాళ్ళను చూసుకునే పనిలో పెట్టుకున్నారు. కొట్టకుండా, విసుక్కోకుండా చూసుకోగలిగేది వాళ్ళేనని అక్కడివాళ్ళు గమనించారు.

ఎవరిని ఎంచుకోవాలి? నేను చూసేవి మూడే. ఆ మనిషి కనీసం కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. తన కథ చెప్పడం కన్నా మీ మాట వినడం మీద ఎక్కువ ఆసక్తి ఉండాలి. "ఈ రోజు నావల్ల కాదు" అని నోరు తెరిచి చెప్పగలగాలి. మూడోది లేనివాళ్ళు ముందు మీకు బాగా నచ్చుతారు, తర్వాత అలసిపోయి ఒక్కసారిగా మాయమవుతారు.

జీవిత భాగస్వామినో, అమ్మానాన్ననో, అన్నదమ్ములనో తోడుగా పెట్టుకోవద్దనే నా సలహా. వాళ్ళు అవసరమే, కానీ వాళ్ళ పాత్ర వేరు. మీరు "నిద్ర పట్టలేదు" అంటే ఇంట్లోవాళ్ళకి భయమేస్తుంది. ఆ భయం చూసి మర్నాటి నుంచి మీరు చెప్పడం మానేస్తారు.

ఎవరూ దొరకకపోతే బృందంలో చేరండి. 1937లో షికాగోలో అబ్రహాం లో అనే సైకియాట్రిస్టు మొదలుపెట్టిన రికవరీ బృందాల నుంచి ఇలాంటివి నడుస్తూనే ఉన్నాయి. పక్కవాళ్ళకి వినపడని గొంతులు తమకు వినిపించేవాళ్ళకి విడిగా బృందాలున్నాయి. 1987లో నెదర్లాండ్స్‌లో మారియస్ రోమ్ అనే సైకియాట్రిస్టు, ఆయన చికిత్స చేసిన ఒకావిడ, పాత్రికేయురాలు సాండ్రా ఎషర్ ముగ్గురూ కలిసి వేసిన అడుగు నుంచి అవి పుట్టాయి. మీ డాక్టరునో కౌన్సెలర్నో అడిగితే దగ్గర్లో ఉన్నవి చెబుతారు. రెండుసార్లు వెళ్ళి చూసి, పడకపోతే మానెయ్యండి. మొదటిసారి ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది కాబట్టి ఒక్కసారికే తేల్చెయ్యకండి.

ఎవరికి దూరంగా ఉండాలంటే: మందులు మానెయ్యమనేవాళ్ళు, ఏదో కొనమనేవాళ్ళు, "ఈ సంగతి మీ డాక్టరుకి చెప్పొద్దు" అనేవాళ్ళు, మీరు వేరేవాళ్ళతో మాట్లాడితే అలిగేవాళ్ళు. ఇందులో ఒక్కటి కనిపించినా రెండో అవకాశం ఇవ్వకండి.

2. మొదటి రోజే నియమాలు మాట్లాడుకోండి

మొహమాటపడి అందరూ వదిలేసేది ఇదే. పది నిమిషాల పని. ఏ రోజు, ఎంతసేపు కలుస్తారు? మధ్యలో ఫోన్ చెయ్యవచ్చా, ఎన్నింటి వరకు? చెప్పుకున్నది బయటికి పోకూడదు, సరే. కానీ ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే ఎవరికి చెప్పాలి? ఆ పేరు ముందే రాసుకోండి. "ఎవరికీ చెప్పను" అని పూర్తి మాట ఎన్నడూ ఇవ్వకండి, తీసుకోకండి. అప్పులు వద్దు. మందుల మోతాదు మీద సలహాలు వద్దు.

నా తప్పు ఒకటి చెబుతాను. తోడు కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో ఒకాయనకి "ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి" అన్నాను. ఆయన నిజంగానే ఎప్పుడైనా చేశారు. అర్ధరాత్రి ఒంటిగంట, రెండు, మూడు. నెల తిరిగేసరికి నా నిద్ర చెడింది, నిద్రతోపాటు నా మనసూ జారింది. ఇద్దరం ఒకేసారి డాక్టర్ల దగ్గర తేలాం. తప్పు ఆయనది కాదు, నేను గీత గియ్యలేదు. ఇప్పుడు రాత్రి 9 తర్వాత ఫోన్ ఎత్తను. 9 తర్వాత ఎవరికి చెయ్యాలో, గడ్డు రోజు కోసం వాళ్ళు రాసుకున్న నాలుగో పేజీలో ఉంటుంది.

3. మొదటి పేజీ: బాగున్నప్పుడు నేనెలా ఉంటాను

1997లో అమెరికాలోని వెర్మాంట్‌లో మేరీ ఎలెన్ కోప్లాండ్, ఆవిడలాగే మానసిక సమస్యలతో బతుకుతున్న మరికొందరు కలిసి ఒక ప్లాన్ తయారుచేశారు. దాని పేరు వెల్‌నెస్ రికవరీ యాక్షన్ ప్లాన్. అందులో నాకు బాగా నచ్చింది మొదలుపెట్టే తీరు. జబ్బు లక్షణాలతో కాదు, మనిషి బాగున్నప్పుడు ఎలా ఉంటాడన్న దానితో మొదలవుతుంది. కొలబద్ద లేకుండా కొలవలేం కదా.

బయటికి కనిపించేవి, లెక్కపెట్టగలిగేవి రాయండి. "సంతోషంగా ఉంటాను" అని రాస్తే పనికిరాదు. నా పేజీలో ఉన్నవి ఇవి: రాత్రి 11 లోపు పడుకుంటాను, 6:30కి లేస్తాను. మిస్డ్ కాల్ చూస్తే అదే రోజు తిరిగి చేస్తాను. పని చేసుకుంటూ కూనిరాగం తీస్తాను. కళ్ళద్దాలు రోజూ తుడుచుకుంటాను.

దాని కిందే, బాగుండడానికి రోజూ చెయ్యాల్సినవి మూడో నాలుగో రాయండి, అంతకన్నా వద్దు. మందులు వేళకి, నిద్ర వేళకి, కాస్త ఒళ్ళు కదలడం, ఒక మనిషితో ఒక మాట. ఇక్కడ అందరూ చేసే తప్పు, ఉన్న తమను కాకుండా కావాలనుకున్న తమను రాసుకోవడం. ఎప్పుడూ పొద్దున్నే లేవని మనిషి "5 గంటలకు లేచి వ్యాయామం" అని రాస్తే, రెండో రోజుకే ఆ పేజీ నిందలా కనిపిస్తుంది. రాశాక తోడు మనిషికి చూపించి, "ఇది నేనేనా?" అని అడగండి. వాళ్ళు నవ్వితే మళ్ళీ రాయండి.

4. రెండో పేజీ: జారుతున్నానని చెప్పే గుర్తులు

అసలు పని ఇక్కడుంది, నెమ్మదిగా చెయ్యండి. పోయినసారి జబ్బు ముదిరిన రోజును గుర్తు తెచ్చుకుని, అక్కడి నుంచి వెనక్కి నడవండి. వారం ముందు ఏం మారింది? మూడు వారాల ముందు? ఆరు వారాల ముందు? మీకు గుర్తుండదు. అందుకే ఇంట్లో ఒకరిని, తోడు మనిషిని విడివిడిగా అడగండి. "నేను పడిపోక ముందు మీకు ముందుగా కనిపించిందేమిటి?" అన్న ఒక్క ప్రశ్న చాలు. వచ్చే జవాబులు కొంచెం గుచ్చుకుంటాయి, సిద్ధపడి అడగండి.

నా గుర్తు నేను కనిపెట్టింది కాదు. నా తోడు నాకన్నా పదేళ్ళు పెద్దావిడ. ఒక రోజు మాటల మధ్యలో ఆగి, "కళ్ళద్దాలు తుడిచి ఎన్నాళ్ళయిందండీ?" అన్నారు. తీసి చూస్తే రెండు అద్దాల మీదా వేలిముద్రలు, దుమ్ము, ఒక పక్క ఎండిపోయిన నీటిచుక్క. పదిరోజులుగా ఆ మసకలోంచే చూస్తున్నాను, నాకు తెలీనే లేదు. దిగులు, ఏడుపు వంటివి అప్పటికింకా ఏమీ మొదలవలేదు. అవి రావడానికి మరో రెండు వారాలు పట్టేదేమో. అప్పటి నుంచి నా రెండో పేజీలో మొదటి వరుస "కళ్ళద్దాలు".

మీ గుర్తు కూడా ఇంత చిన్నదే అయ్యుంటుంది. విప్పిన బట్టలు కుర్చీ మీద పేరుకోవడం, మెసేజీలకు ఒక్క ముక్కలో జవాబివ్వడం, పాటలు వినడం మానెయ్యడం, ఉన్నట్టుండి అందరిమీదా విసుగు. ఐదారు మించి రాయొద్దు. ఇరవై రాస్తే రోజూ ఏదో ఒకటి కనిపించి బెంబేలెత్తిస్తుంది.

బైపోలార్, అంటే కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు ఉద్రేకం వచ్చే జబ్బు, ఉన్నవాళ్ళు రెండు జాబితాలు రాసుకోవాలి, కుంగుబాటుకి ఒకటి, ఉద్రేకానికి ఒకటి. రెండోది కష్టం, ఎందుకంటే అది మొదలయ్యేటప్పుడు హాయిగా ఉంటుంది. మూడు నాలుగు గంటలే పడుకున్నా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం, డబ్బు చేతిలో నిలవకపోవడం, ఒకేసారి నాలుగు కొత్త పనులు మొదలుపెట్టడం. నిద్ర తగ్గి కూడా హుషారుగా ఉన్న రాత్రులు వరుసగా రెండైతే మూడోదాకా ఆగకండి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఇంగ్లండులో బైపోలార్ ఉన్న 69 మందితో చేసిన ఒక అధ్యయనం 1999లో వచ్చింది. ముందస్తు గుర్తులు పసిగట్టి వెంటనే చికిత్సకు వెళ్ళడం నేర్పినవాళ్ళలో ఉద్రేకం తిరగబెట్టడం బాగా ఆలస్యమైంది. కుంగుబాటు విషయంలో మాత్రం ఆ తేడా కనబడలేదు. కాబట్టి గుర్తుల జాబితా ఒక్కటే సర్వరోగ నివారిణి అని ఎవరైనా అంటే నమ్మకండి.

గుర్తుల పక్కనే, మిమ్మల్ని ముందు కదిలించేవేవో కూడా నాలుగు ముక్కల్లో రాయండి. నిద్ర లేని ప్రయాణాలు, గొడవలు, ఫలానా తేదీ, మందు అయిపోయి రెండు రోజులు ఆగడం. ఎక్కువ తవ్వకండి, ఇది ఆత్మకథ కాదు.

5. మూడో పేజీ: ఇది కనిపిస్తే అది చేస్తాను

ప్రతి గుర్తుకీ ఎదురుగా ఒక పని రాయాలి. "కళ్ళద్దాలు మూడు రోజులు తుడవకపోతే, ఆ రోజే తోడు మనిషికి ఫోన్ చేస్తాను." "రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే, మూడో రోజు సాయంత్రం పనులు వదిలేసి తొందరగా పడక చేరతాను." "నాలుగు గుర్తులు వారం పాటు ఉంటే, డాక్టరు అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుతాను."

పని చిన్నదిగా ఉండాలి. ఎంత చిన్నదంటే, మంచం దిగడానికి బద్ధకించే రోజున కూడా చెయ్యగలిగేంత. "45 నిమిషాల నడక" అని రాస్తే అది ఆరోగ్యంగా ఉన్నవాడు రాసిన మాట. "చెప్పులు వేసుకుని గుమ్మం బయట ఐదు నిమిషాలు నిలబడతాను" అని రాయండి. నిలబడ్డాక నడవాలనిపిస్తే నడుస్తారు, లేకపోతే లోపలికి వస్తారు, అయినా పని చేసినట్టే లెక్క. మనసు బాగయ్యాక చేద్దామనుకుంటే అది బాగవదు. చెయ్యడం ముందు, అనిపించడం తర్వాత.

ఒక్క సంగతి మరవకండి: ఎవరు చేస్తారన్నది కూడా రాయాలి. "డాక్టరుకి చెప్పాలి" అని రాస్తే ఎవరూ చెప్పరు. "నేను రెండు రోజుల్లో చెప్పకపోతే తోడు మనిషి నాకు గుర్తు చేస్తారు, మూడో రోజుకీ చెప్పకపోతే మా అన్నయ్యకు ఫోన్ చేస్తారు" అని రాస్తే జరుగుతుంది.

6. రోజుకి రెండు నిమిషాల లెక్క

పడుకునే ముందు ఒక్క వరుస: ఎన్ని గంటలు నిద్రపోయాను, మందు వేసుకున్నానా, మనసు 0 నుంచి 10 లో ఎంత, ఈ రోజు జరిగినదాంట్లో ఒక్క ముక్క. అంతే.

గంటగంటకీ మనసు కొలుచుకునేవాళ్ళను చూశాను. అది పుండును పదేపదే గిల్లి మానిందా అని చూడడం లాంటిది. రోజుకొక్కసారే.

రెండు వారాలకోసారి కాస్త పద్ధతిగా కొలవాలంటే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. తొమ్మిది ప్రశ్నలు, గడచిన రెండు వారాల గురించి, మొత్తం 0 నుంచి 27. స్కోరు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాలి. ఒకటి రెండు అంకెల తేడాను పట్టించుకోకండి, 5 అంకెలు మారితేనే నిజంగా మార్పొచ్చినట్టు. కానీ తొమ్మిదో ప్రశ్న వేరు. బతకకపోతేనే నయమన్న ఆలోచనలు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. మిగతా స్కోరు ఎంత తక్కువైనా సరే, దానికి సున్నా కాకుండా ఇంకేదైనా వస్తే ఆ రోజే ఒక మనిషికి చెప్పండి. ఇంకో సంగతి, ఇది కుంగుబాటును కొలిచేది. ఉద్రేకాన్ని ఇది పట్టుకోలేదు.

7. కలిసినప్పుడు ఆ గంట ఎలా గడపాలి

రెండు భాగాలు చేసుకోండి. మొదటి పాతిక నిమిషాలు ఒకరు మాట్లాడతారు, తర్వాతి పాతిక ఇంకొకరు. చివరి పది నిమిషాలు పేజీలు చూసుకోవడానికి. గడియారం పెట్టుకోవడం మొదట్లో నాటకంలా అనిపిస్తుంది. పెట్టుకోకపోతే బాధ ఎక్కువున్నవారు గంటంతా తీసుకుంటారు, రెండోవారు నాలుగు వారాలకు రావడం మానేస్తారు.

వినేవారు చెయ్యాల్సింది చాలా తక్కువ, అందుకే కష్టం. ఒకరన్నారనుకోండి:

"వారం రోజులుగా స్నానం కూడా చెయ్యబుద్ధి కావట్లేదండీ."

మన నోటికి వచ్చేది: "అలా కూర్చుంటే ఎలా, కాస్త బయట తిరగండి, అదే పోతుంది." దాంతో మాట తెగిపోయింది. అవతలివారు "సరేనండీ" అంటారు, వచ్చేసారి నుంచి అన్నీ బాగున్నాయని చెబుతారు.

అలా కాకుండా: "వారంగానా? పొద్దున లేచేటప్పటికి ఎలా ఉంటోంది?" అని అడిగి ఊరుకోండి. నిశ్శబ్దాన్ని నింపకండి. ఒకసారి ఒకాయన ఇలాంటి ప్రశ్న తర్వాత నాలుగు నిమిషాలు మాట్లాడలేదు. ఎదురుగా గడియారం ఉంది కాబట్టి లెక్క తెలుసు. నా నాలుక మీద మూడు సలహాలు సిద్ధంగా ఉన్నాయి, మింగేశాను. ఆఖరికి ఆయన, "ఉద్యోగం పోయిందండీ, ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నారు. స్నానం సంగతి కాదు అసలు సంగతి.

మీ అనుభవం చెప్పాలనిపిస్తే "నాకు ఇలా పనిచేసింది" అనండి, "మీరు ఇలా చెయ్యండి" అనకండి. అదీ అడిగితేనే.

ఆత్మహత్య గురించి అడగాలా వద్దా అన్నది చాలామంది భయం. అడగాలి, తిన్నగా. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగించుకున్నవాళ్ళకి చాలాసార్లు బరువు దిగినట్టుంటుంది. "పిచ్చి ఆలోచనలేం రావట్లేదు కదా?" అని మాత్రం అడగకండి, ఆ ప్రశ్నలోనే "లేదు" అనే జవాబు పెట్టి ఇచ్చినట్టు. అవునంటే ఉపన్యాసం వద్దు. ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నారా అని అడగండి. ఒంటరిగా వదలకండి. నాలుగో పేజీ తియ్యండి, డాక్టరుకో అత్యవసర సహాయానికో మీరే ఫోన్ కలపండి. ఆ క్షణం నుంచి అది రహస్యం కాదు.

8. నాలుగో పేజీ: గడ్డు రోజు కోసం

దీనికి తయారుగా ఉన్న పద్ధతి ఒకటుంది. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన సేఫ్టీ ప్లాన్. ఆరు మెట్లు, పైనుంచి కిందికి. ఒకటి పనిచెయ్యకపోతే రెండోదానికి పోవాలి. ప్రమాదం ఇప్పటికే గట్టిగా ఉంటే తిన్నగా ఐదుకి.

ఒకటి, సంక్షోభం మొదలవుతోందని చెప్పే నా గుర్తులు. రెండు, ఎవరి సాయం లేకుండా నేను చెయ్యగలిగినవి. మూడు, ధ్యాస మళ్ళించే మనుషులు, చోట్లు. నాలుగు, సాయం అడగగలిగే మనుషులు, నంబర్లతో సహా. ఐదు, డాక్టరు, ఆస్పత్రి, అత్యవసర నంబరు. ఆరు, చుట్టూ ఉన్న ప్రమాదాన్ని తగ్గించడం.

ఆరోదాన్ని నేను ముందు చేయిస్తాను. ఇంట్లో హానికి వాడగలిగే వస్తువులేమున్నాయో, అవి ఎవరి చేతికి ఇవ్వాలో బాగున్న రోజునే తేల్చుకోవాలి. మందులు వారానికి సరిపడానే దగ్గర పెట్టుకుని మిగతావి ఇంకొకరి దగ్గర ఉంచండి. చచ్చిపోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకుండా ఉండడమే ప్రాణం నిలబెడుతుంది. ఆస్పత్రుల ఎమర్జెన్సీకి వచ్చిన 1,640 మందిని చూసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. ఈ ప్లాన్ రాయించి, తర్వాత ఫోన్లు చేసి కనుక్కున్నవాళ్ళలో 6 నెలల్లో ఆత్మహత్య సంబంధ ప్రయత్నాలు, ప్రవర్తన, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ళకన్నా సుమారు 45 శాతం తక్కువ. రాసుకోవడంతోపాటు ఫోన్ చేసి అడిగే మనిషి కూడా అందులో భాగమే, గమనించండి.

ఈ పేజీకి మూడు నకళ్ళు: మీ దగ్గర, ఇంట్లో, తోడు దగ్గర. రాసేటప్పుడు రెండో మెట్టులో "ధ్యానం" అని ఊరికే రాయకండి, మీరు నిజంగా ఎప్పుడైనా చేసి ఉంటే తప్ప.

9. మందుల జోలికి

చిన్న మెట్టు, కానీ ఎక్కువమంది జారేది ఇక్కడే. నేనూ జారాను. నాలుగు నెలలు హాయిగా ఉన్నాక "ఇంక దేనికి" అని ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. మూడో రోజు నుంచి కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపులు. అవి తగ్గాక, బాగయ్యాననుకున్నాను. రెండోసారి పడిపోయింది ఆ తర్వాతే. డిప్రెషన్ మందులు కోలుకున్నాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించమంటారు. తగ్గించాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళు రక్తపరీక్షలు ఎగ్గొట్టకండి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రక్తంలో లిథియాన్ని పెంచుతాయి, అడగకుండా వేసుకోవద్దు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అదే ప్రమాదం. దేనివల్లనైనా మందు పడట్లేదనిపిస్తే, మానకుండా రోజువారీ లెక్కలో రాసి పెట్టి డాక్టరుకి చూపించండి. "ఏదోలా ఉంది" అనే మాట కన్నా రెండు వారాల వరుసలు చాలా చెబుతాయి.

10. ఆరు వారాలకు సరిచూసుకోండి

తోడు మనిషితో కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఆరు వారాల్లో ఏదైనా గుర్తు కనిపించిందా? కనిపించాక పని చెయ్యడానికి ఎన్ని రోజులు పట్టింది? పేజీలు ఎక్కడున్నాయో వెతక్కుండా చెప్పగలరా? కలిసి వెళ్ళాక ఇద్దరికీ కాస్త తేలికగా ఉంటోందా, ఒకరికే ఉంటోందా?

మనసు స్కోరు పెరిగిందా లేదా అన్నది ఈ నాలుగింట్లో లేదు, కావాలనే వదిలేశాను. చెడ్డ రోజులు వస్తాయి. మునుపు మూడు వారాలకు తెలిసింది ఇప్పుడు మూడు రోజులకు తెలిస్తే ప్లాన్ పనిచేస్తున్నట్టే. గుర్తు కనిపించినా రెండు రోజుల్లో ఏమీ చెయ్యలేదంటే తప్పు మీ పట్టుదలది కాదు, రాసిన పని పెద్దది. దాన్ని సగం చెయ్యండి. ఇంకా కదలకపోతే మళ్ళీ సగం. పేజీలన్నీ సరిగ్గా నడుస్తూ కూడా మనసు రెండు వారాలుగా కిందికే పోతుంటే ప్లాన్‌ను దిద్దుతూ కూర్చోకండి, చికిత్స మార్చాల్సిన సమయం అది, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఒకవేళ పడిపోతే, లేచాక పది రోజులైనా ఆగి, అప్పుడు పేజీలు ముందేసుకోండి. ఏ గుర్తు ముందు వచ్చింది, జాబితాలో ఉందా, ఎవరి ఫోన్ పనిచేసింది, ఎవరిది చెయ్యలేదు. పెన్సిలు దీనికోసమే. పాత పేజీ చించెయ్యకండి, తేదీ వేసి వెనక పెట్టండి. మార్చిన రోజే మిగతా నకళ్ళు కూడా మార్చండి. నేను ఒకసారి నా పేజీలో డాక్టరు నంబరు దిద్దుకుని, నా తోడు దగ్గరున్న నకలు సంగతి మర్చిపోయాను. అవసరపడిన రోజున ఆవిడ అరగంటసేపు పాత నంబరుకే చేస్తూ కూర్చున్నారు.